తప్పు చెప్పాకే రొట్టె

పోయిన వారం పంపులు కట్టే టోవెని ఫ్యాక్టరీ వెనకున్న వాన నీళ్ళ గోతి దగ్గర వదిలేసి వచ్చాం. తడి నేల మీద చతికిలబడి కూర్చుంది. ముందు విప్పదీసిన పంపు, అరచేతిలో నల్ల రబ్బరు రింగు. అరవై గంటలు నీళ్ళలో నడిచాక ఆ పంపు మోటారు కాలింది. కాలదూ మరి, నీళ్ళని ఆపాల్సిన రింగే నానిన కిస్మిస్‌లా ఉబ్బి పక్కకి తప్పుకుంటే! కొత్తగా వచ్చిన ఆ రింగుల రబ్బరు వేరు. దానికి గ్రీజు పడదు, సబ్బునీళ్ళు రాసి ఎక్కించాలి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఆ మాట రాసే ఉంది. ముప్పై ఏళ్ళుగా గ్రీజు రాసిన చెయ్యి డబ్బా చదవలేదు. ఎవరిదా చెయ్యి అని పంపు అడుగున రేకు తిప్పి చూస్తే, అక్కడ చెక్కి ఉన్న సంతకం టోవెదే.

అది గురువారం సాయంత్రం మాట. ఇప్పుడు శుక్రవారం పొద్దున్న ఏడున్నర. ఇంకా తెల్లవారలేదు, పడమటి గాలి ఫ్యాక్టరీ రేకుల్ని దడదడలాడిస్తోంది. తొమ్మిదింటికి హాలెండ్ నుంచి గట్ల శాఖ వాళ్ళు వస్తున్నారు. సముద్రపు గట్ల వెనక నీళ్ళు తోడటానికి రెండు వందల నలభై పంపులు కావాలి వాళ్ళకి. ఆ ఆర్డరు వస్తే స్ట్రాండేగర్‌లో క్విస్ట్‌రుప్ పంపుల ఫ్యాక్టరీ ఉంటుంది. రాకపోతే కోపెన్‌హేగెన్‌లో ఉన్న యజమానులు వేసవి లోపల దీనికి తాళం వేస్తారు, నూట నలభై మంది ఇళ్ళకి వెళ్తారు. అందులో అటూ ఇటూ లేదు.

పైగా పరీక్ష ఎంతసేపనుకున్నారు? గంట! పెద్ద తొట్టిలో పంపు దించి గంటసేపు నడిపి చూస్తారు. అరవై గంటలకి గానీ బయటపడని రోగం గంటలో ఏం బయటపడుతుంది? టోవె నోరు మూసుకుంటే చాలు, ఆర్డరు చేతిలో పడ్డట్టే. ఆవిడకి రాత్రి కన్ను మూతపడనిది అందుకే.

అలాంటి మనిషి పొద్దున్నే రెండు చేతుల్లో రెండు పెద్ద సంచులతో, భుజంతో తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. సంచుల్లోంచి వేడి వేడి గసగసాల రొట్టెల వాసన.

పంపులు బిగించే బల్ల దగ్గర ఆస్గర్ ముక్కు పైకెత్తాడు. టోవె కంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడు, నోటి దురుసు మనిషి, ఆవిడ జట్టులోనే పని.

"ఏం తల్లీ, ఎవరిదైనా పుట్టినరోజా?"

"కాదు. శుక్రవారం."

ఆస్గర్ చేతిలో పానా బల్ల మీద పెట్టేశాడు. "మతి గానీ పోయిందా నీకు? ఇవాళా? శుక్రవారం రొట్టె పెట్టి ఏడాదైంది. మేడ మీది డైరెక్టరు చూస్తే కొంప మునుగుతుంది."

"మునగనీ. బల్ల మీద గుడ్డ పరువు. కొవ్వొత్తి ఎక్కడుందో చూడు."

ఇక్కడ ఈ రొట్టె సంగతి కాస్త చెప్పాలి. వాల్డెమార్ క్విస్ట్‌రుప్ ముసలాయన బతికున్నన్నాళ్ళూ నేల తుడిచే మనిషి నుంచి ఆయన దాకా అందరి పేర్లూ ఒక జాబితాలో వరసగా ఉండేవి. వంతు వచ్చినవాళ్ళు శుక్రవారం పొద్దున్న బేకరీ నుంచి రొట్టెలు తేవాలి. వెన్న, జున్ను, కాఫీ ఫ్యాక్టరీవి. షరతు ఒకటే. రొట్టె తెచ్చిన మనిషి ఆ వారం తను చేసిన తప్పొకటి అందరి ముందూ చెప్పాలి. చెప్పందే రొట్టె మీద కత్తి పడకూడదు. చెప్పాక ఎవరూ ఆ మనిషిని పల్లెత్తు మాట అనకూడదు, ఆ తప్పు ఇక అందరిదీ. ఒకసారి ముసలాయనే లేచి, "మీరంతా నెల రోజులుగా తిట్టుకుంటున్న ఆ మూత గీసింది నేనే, కొలత తప్పు వేశాను" అన్నాడు. నవ్వలేక చచ్చారు జనం. కాఫీ చల్లారేలోపు ముగ్గురు కలిసి కొత్త మూత గీసేశారు.

ఆయన పోయాక యెప్పె వచ్చాడు డైరెక్టరుగా. చెడ్డవాడు కాదు. నలభై ఏళ్ళవాడు, చురుకైనవాడు, అందరి పిల్లల పేర్లూ గుర్తుంచుకుంటాడు. అయితే యజమానులకి లెక్క అప్పజెప్పాల్సిన వాడు. నూట నలభై మంది ముప్పావుగంట సేపు కాఫీ తాగితే ఎన్ని పంపులు తగ్గుతాయో లెక్క కట్టి రొట్టె మానిపించాడు. సరుకు కొనేవాళ్ళని బిగించేవాళ్ళ పక్క నుంచి లేపి మేడ మీద అద్దాల గదిలో కూర్చోబెట్టాడు. తప్పు జరిగితే కాగితం నింపాలి, ఆ కాగితం నలుగురి చేతులు దాటి పైకి వెళ్ళాలి, జట్టు పేరు పక్కన ఎర్ర చుక్క పడాలి. మూడు చుక్కలు పడితే జట్టుని విడగొడతారు. టోవె జట్టుకి అప్పటికే రెండున్నాయి.

అంతే, తప్పులు మాయమైపోయాయి! గోడ మీద బోర్డు చూడండి. పంతొమ్మిది వారాలుగా సున్నా, సున్నా, సున్నా. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం అన్న సామెత ఈ రేవు మనుషులు వినలేదు గానీ, వింటే ఆ బోర్డు కిందే రాసిపెట్టేవారు.

ఆస్గర్ కొవ్వొత్తి తెచ్చాడు గానీ వెలిగించలేదు. "ముందు సంగతేంటో చెప్పు."

టోవె జేబులోంచి ఉబ్బిన రింగు తీసి అతని చేతిలో పెట్టింది. రెండు ముక్కల్లో చెప్పింది. ఆస్గర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎన్ని కట్టావు అలా?"

"గోతిలోది కాక పద్దెనిమిది."

"సరే విను." గొంతు తగ్గించాడు. "గంట పరీక్షేగా. కానివ్వు. వాళ్ళు సంతకం పెట్టి రైలెక్కుతారు. సోమవారం మనిద్దరం ఒక గంట ముందొచ్చి పద్దెనిమిదీ విప్పి రింగులు మార్చేద్దాం. పిట్టకి కూడా తెలీదు. ఎవరికీ నష్టం లేదు, చుక్కా లేదు."

మంచి సలహానే. టోవె కూడా తెల్లవారుజామున నాలుగింటి దాకా అదే అనుకుంది.

"గోడౌన్‌లో పన్నెండే ఉన్నాయి ఆస్గర్. నిన్న మూడుసార్లు వెతికాను. మిగతా ఆరూ ఏమయ్యాయి?"

"ఎక్కడో ఉంటాయిలే."

"ఎక్కడ? ఎవర్ని అడగను? అడిగితే ఎందుకు అంటారు. ఎందుకో చెప్తే చుక్క. చుక్క పడకుండా అడిగే చోటు ఈ ఫ్యాక్టరీలో ఒకటి చూపించు." "ముసలాయనుంటే నిన్న సాయంత్రమే అరిచి చెప్పేదాన్ని. నాకు నా మీదే అసహ్యంగా ఉంది. రాత్రంతా ఎలా దాచాలా అని ఆలోచించాను, నేను!"

ఆస్గర్ అగ్గిపుల్ల గీశాడు.

తొమ్మిదింటికి యెప్పె అతిథులతో మెట్లు దిగేసరికి తొట్టి పక్కన బల్లలన్నీ జరిపి ఒక్క పొడుగు బల్ల చేసి ఉంది. మీద తెల్ల గుడ్డ, కొవ్వొత్తులు, గుట్టగా రొట్టెలు. చుట్టూ వంద మందికి పైగా నిలబడి ఉన్నారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. వాసనకి వచ్చినవాళ్ళు కొందరు, వాళ్ళని చూసి వచ్చినవాళ్ళు కొందరు.

యెప్పె చిరునవ్వు చెదరకుండానే టోవె పక్కకొచ్చి పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "ఏంటిది?"

"రొట్టె."

"ఇవాళే దొరికిందా నీకు? తీసెయ్."

హాలెండ్ నుంచి వచ్చిన ఇంజనీరు పేరు మార్లూస్. పొడుగాటి మనిషి, పొట్టి జుట్టు, బురద బూట్లు. ఆవిడ అప్పటికే బల్ల దగ్గరికి వచ్చేసింది. "భలే! ఐదింటికి బయల్దేరాం, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి" అంటూ కత్తి అందుకోబోయింది.

ఆస్గర్ కత్తి మీద చెయ్యి పెట్టాడు. "ఆగండమ్మా. ఇక్కడ అలా కోయకూడదు. తెచ్చిన మనిషి ముందు తప్పు చెప్పాలి."

"ఏం తప్పు?"

"ఈ వారం చేసింది."

"అది పాత సరదా లెండి, ఇప్పుడు లేదు" అన్నాడు యెప్పె గబగబా. "రండి, తొట్టి చూద్దాం."

"లేదు, నాకు వినాలనుంది" అంది మార్లూస్.

టోవెకి వంద మంది మొహాల్లో ఒక్కటీ సరిగ్గా కనబడటం లేదు. కొవ్వొత్తి వంక చూస్తూ మొదలుపెట్టింది.

"నా పేరు టోవె. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ పంపులు కడుతున్నా. ఈ తొట్టిలో మీరు చూడబోయే పంపు నేను కట్టిందే. అది గంట నడుస్తుంది, రోజు కూడా నడుస్తుంది. అరవై గంటలయ్యేసరికి కాలిపోతుంది." రింగు తీసి తెల్ల గుడ్డ మీద పెట్టింది. "కొత్త రింగుకి గ్రీజు రాశాను. రాయకూడదని డబ్బా మీద ఉంది, చదవలేదు. అలాంటివి పద్దెనిమిది కట్టాను. నిన్న తెలిసింది. నిన్ననే చెప్పాల్సింది, భయపడి చెప్పలేదు. ఇవీ నా తప్పులు. రెండు."

పైన రేకుల మీద గాలి చప్పుడొక్కటే.

"టోవె," అన్నాడు యెప్పె. మొహం సున్నం కొట్టినట్టుంది. "ఏం చేశావో తెలుస్తోందా నీకు? ఈ నూట నలభై మందినీ నీ చేత్తో వీధిలోకి తోశావు. కాగితం రాయొచ్చుగా? దానికొక పద్ధతుందిగా?"

"రాస్తే ఎప్పటికి చేరేది నీకు?"

"నాలుగు రోజులు!"

"తొమ్మిదింటికి పరీక్షయితే నాలుగు రోజులేంటి యెప్పె? నువ్వు నాకు ఇరవై మెట్ల దూరంలో ఉంటావు. ఆ ఇరవై మెట్లు ఎక్కడానికి నాకు ఏడాదిగా ధైర్యం చాల్లేదు. ఇదివరకు మెట్లే లేవు."

జనంలోంచి ఎవరో ముందుకి తోసుకొచ్చారు. డోర్తె. సరుకు కొనే విభాగం, మేడ మీద అద్దాల గది. ఎప్పుడూ మెల్లగా మాట్లాడే మనిషి ఇప్పుడు దాదాపు అరుస్తోంది.

"ఆవిడ ఒక్కత్తిదే కాదు! రింగు మార్చింది నేను. సెప్టెంబర్లో. పాత కంపెనీవాళ్ళు చేతులెత్తేస్తే వేరే చోట కొన్నా. రబ్బరు మారిందని కంప్యూటర్లో ఎక్కించా. కింద వీళ్ళకి ఆ పేజీ తెరుచుకోదని తెలుసు నాకు. తెలిసీ ఊరుకున్నా, చెప్పడం నా పని కాదన్నారు కాబట్టి. ఒకప్పుడు టోవె వెనకే కూర్చునేదాన్ని. కుర్చీ తిప్పి, 'ఇదిగో ఈ రింగుకి గ్రీజు వద్దు' అంటే అయిపోయేది!"

ఇక చూడండి! కట్ట తెగింది. రంగులు వేసే కుర్రది రెండు డబ్బాలు తారుమారయ్యాయంది. తూకం వేసే ఆయన త్రాసు వేసవి నుంచీ తప్పు చూపిస్తోందన్నాడు. "నా దగ్గర మూడున్నాయి, పెద్దది చెప్పనా చిన్నది చెప్పనా?" అని వెనక నుంచి ఇంకొకడు. నవ్వులు. ఏడాదిగా ఆ గోడల మధ్య వినపడని నవ్వులు. ఒకరి తప్పు వినగానే పక్కవాడు, "ఓహో, అందుకా నా దగ్గర మూత పట్టలేదు!" అని నెత్తి కొట్టుకుంటున్నాడు. ఆస్గర్ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద సున్నాలన్నీ తుడిచేసి, ఒక్కొక్కటీ రాయడం మొదలెట్టాడు. పదకొండు దాకా వెళ్ళాయి. టోవె ఏడుస్తోంది, నవ్వుతోంది, ఏది ఎప్పుడో తనకే తెలియడం లేదు.

మార్లూస్ మాత్రం నవ్వలేదు. రింగుని వేళ్ళ మధ్య నొక్కి చూసి అడిగింది. "పరీక్ష గంటే కదా. మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదు" అంది టోవె.

"మరెందుకు చెప్పారు?"

"మీ గట్టు వెనకాల మనుషులు పడుకుంటారు కదా."

మార్లూస్ రింగు కింద పెట్టింది. "ఈ వారం నాలుగు ఫ్యాక్టరీలు తిరిగాను. నాలుగింట్లోనూ తప్పుల్లేవట. పంపు పాడవడం నాకు కొత్త కాదండీ, ఎక్కడ పాడైందో నాతో చెప్పే మనుషులే దొరకడం లేదు." యెప్పె వైపు తిరిగింది. "ఆర్డరు ఇచ్చానని కాదు. ఇంకో పంపు విప్పి నా కళ్ళ ముందు సరిగ్గా కట్టండి. పదింటికి తొట్టిలో దించండి. గంట కాదు, అరవై గంటలు. ఆదివారం రాత్రి పదింటి దాకా ఊళ్ళోనే ఉంటాను. నడిస్తే మాట్లాడుకుందాం."

ఆ మాటకి లేచిన కేకలకి కొవ్వొత్తులు రెండు ఆరిపోయాయి. ఒకడు పానాల పెట్టె తెస్తున్నాడు, ఇంకొకడు సబ్బునీళ్ళ బకెట్టుతో పరుగు. ఆస్గర్ టోవె వీపు మీద ఒక్కటి చరిచాడు. "పర్వాలేదే నువ్వు" అన్నాడు. ఆ ఊళ్ళో అంతకు మించిన మెచ్చుకోలు ఎవరూ ఎవరికీ ఇవ్వరు.

"కోయండిక రొట్టె!" అని వెనక నుంచి అరుపు.

టోవె కత్తి అందుకోబోయింది. కత్తి అక్కడ లేదు. యెప్పె చేతిలో ఉంది.

"తర్వాతి వంతు ఎవరిది?" అడిగాడు.

ఆస్గర్ సొరుగులోంచి పాత జాబితా తీశాడు. కాఫీ మరకల మధ్య వేలు జరిపాడు. టోవె పేరు కింద పేరు లేదు, ఒక్క మాటే ఉంది. డైరెక్టరు. ముసలాయన వంతు అది.

"అయితే నాదే" అన్నాడు యెప్పె. "తప్పు చెప్తే ఎవరూ ఏమీ అనకూడదు, అంతేగా?"

"అంతే" అంది టోవె.

"మిగతా ఆరు పంపులూ ఎక్కడున్నాయో నాకు తెలుసు."

"హౌవిగ్ రేవు వాళ్ళ పాత పంపులు పోయాయి. వెంటనే కావాలని ప్రాణం తీశారు. పరీక్ష కాగితాలు రాకుండా పంపకూడదు, అది నేను పెట్టిన నియమమే. మంగళవారం నేనే సంతకం పెట్టి లారీ ఎక్కించాను. బోర్డు మీద సున్నా చెడకూడదని ఎవరికీ చెప్పలేదు. నువ్వు గోడౌన్‌లో వెతుకుతుంటే అద్దాల్లోంచి చూశాను టోవె. ఎందుకని అడగలేదు." కత్తి బల్ల మీద పెట్టేశాడు. "నువ్వు నాతో చెప్పలేదు, నేను నీతో చెప్పలేదు."

ఎవరూ అతన్ని ఏమీ అనలేదు.

"ఎప్పుడు నడవడం మొదలెట్టాయి?" అడిగింది టోవె.

"నిన్న పొద్దున్న ఆరింటికి."

టోవె వేళ్ళు మడిచింది. గురువారం ఆరు, శుక్రవారం ఆరు, శనివారం ఆరు. అక్కడి నుంచి పన్నెండు. "రేపు సాయంత్రం ఆరింటికి అరవై నిండుతాయి."

"పోటు ఎప్పుడన్నారు రేడియోలో?" ఆస్గర్ నెమ్మదిగా అడిగాడు. జవాబు అందరికీ తెలుసు. పొద్దుటి నుంచి అదే చెబుతున్నారు. రేపు సాయంత్రం పడమటి తుఫాను, హౌవిగ్ దగ్గర సముద్రం గట్టు అంచు దాకా వస్తుందట. గట్టు వెనక ఊరు సముద్రం కన్నా పల్లంలో ఉంది.

"రోజున్నర ఉంది" అంది టోవె. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి, భయం ఎటుపోయిందో పోయింది. "రెండు గంటల దారి. పంపుకి గంటన్నర చాలు. ఆరు రింగులు, సబ్బునీళ్ళు, నేనూ ఆస్గరూ. అయిపోతుంది యెప్పె! ముందు వాళ్ళకి ఫోన్ చెయ్."

యెప్పె ఫోన్ చేసి బల్ల మీద పెట్టాడు, అందరికీ వినపడేలా. అవతల రేవు అధికారి గొంతు, వెనకాల గాలి హోరు.

"మేమే చేద్దామనుకుంటున్నామయ్యా. పొద్దున్నుంచి నీళ్ళు తగ్గడం లేదు. పంపులన్నీ నడుస్తున్నాయి, మీటల దగ్గర దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి. మరి నీళ్ళెందుకు తగ్గవు?"

"ఫోన్ పట్టుకుని కిందికి దిగండి" అంది టోవె. "ఆరు ఇనప గొట్టాలు పైకి వచ్చి ఉంటాయి. ఒక్కోదానికీ ఫోన్ ఆనించి పట్టుకోండి, లోపల మోటారు చప్పుడు వింటాను."

ఇనప మెట్ల మీద బూట్ల చప్పుడు. టోవె కళ్ళు మూసుకుని బల్ల మీదికి వంగింది. మొదటి గొట్టం. ఆవిడ తలూపింది. రెండోది. తలూపింది. మూడోది. ఆవిడ తల కదల్లేదు. నాలుగోది.

ఆరోది కూడా అయ్యాక టోవె కళ్ళు తెరిచింది. కొయ్యని రొట్టెల మీదుగా యెప్పె వంక చూసింది.

"ఆరు పంపావు కదూ?" అంది. "నాకు రెండే వినిపిస్తున్నాయి."